రెండు గవర్నమెంట్ డిపార్ట్‌మెంట్ల మధ్య డేటా షేరింగ్ ఎలా పెట్టుకోవాలి: మొదటి లెటర్ నుంచి చివరి డిలీట్ దాకా

పై ఆఫీసర్ పిలిచి "ఆ డిపార్ట్‌మెంట్ వాళ్ళ దగ్గర డేటా ఉంది కదా, తెప్పించి మన లిస్టుతో మ్యాచ్ చేయించండి" అన్నారు, ఆ పని మీ నెత్తిన పడింది అనుకోండి. చాలామంది వెంటనే ఒక లెటర్ రాసేస్తారు, "మీ వద్ద ఉన్న లబ్ధిదారుల పూర్తి వివరాలు అత్యవసరంగా పంపగలరు" అని. దయచేసి ఆ లెటర్ పంపకండి. అలాంటి లెటర్‌కి రెండే జరుగుతాయి, ఒకటి అసలు రిప్లై రాదు, అది అవతల ఆఫీసులో టేబుల్ నుంచి టేబుల్‌కి తిరుగుతూనే ఉంటుంది, రెండోది వాళ్ళు నిజంగానే మొత్తం పంపేస్తారు. నన్నడిగితే రెండోదే ఎక్కువ ప్రమాదం.

2007లో బ్రిటన్‌లో ఇదే జరిగింది. అక్కడి పన్నుల శాఖ దగ్గర పిల్లల భత్యం తీసుకునే కుటుంబాల డేటా ఉంటుంది, ఆడిట్ ఆఫీస్ వాళ్ళకి చెకింగ్ కోసం అందులో కొంత కావాలి. అడ్రస్‌లు, బ్యాంక్ వివరాలు మాకు అక్కర్లేదు, తీసేసి పంపండి అని ఆడిట్ వాళ్ళు ముందే అడిగారు కూడా. కానీ అవి తీసి పంపాలంటే అదనపు ఖర్చు, అదనపు పని, అందుకని మొత్తం రెండు సీడీల్లో కాపీ చేసి మామూలు కొరియర్‌లో పంపేశారు, పాస్‌వర్డ్ అయితే ఉంది కానీ ఎన్‌క్రిప్షన్ (తాళం లేనివాళ్ళకి అర్థం కాకుండా డేటాని కోడ్‌గా మార్చడం) లేదు, రిజిస్టర్డ్ పోస్ట్ కూడా కాదు. ఆ సీడీలు దారిలోనే పోయాయి, ఇప్పటికీ దొరకలేదు. అందులో 2 కోట్ల 50 లక్షల మంది వివరాలున్నాయి, పేర్లు, పుట్టిన తేదీలు, బ్యాంక్ అకౌంట్లతో సహా. ఆ శాఖ ఛైర్మన్ రాజీనామా చేశారు. ఒక్క ఫిల్టర్ పెట్టడానికి బద్ధకించినందుకు ఇదంతా.

అందుకే ఈ గైడ్ మొత్తంలో నేను పట్టుబట్టి చెప్పేది ఒకటే, ఫైల్ అడగొద్దు, జవాబు అడగండి. అది ఎలాగో చూద్దాం.

1. ముందు ప్రశ్నని ఒక్క వాక్యంలో రాయండి

కంప్యూటర్ తెరవకముందే, లెటర్ హెడ్ తియ్యకముందే ఇది చెయ్యాలి. మనకి ఏం తెలియాలి, తెలిసాక మనం ఏం చేస్తాం, ఈ రెండూ ఒక్క వాక్యంలో రాగలగాలి. ఉదాహరణకి మీరు పెన్షన్ ఆఫీసులో ఉన్నారు, చనిపోయినవాళ్ళ పేరు మీద డబ్బులు పోతున్నాయేమో అని అనుమానం, జనన మరణాల రిజిస్ట్రేషన్ వాళ్ళ దగ్గర సమాచారం ఉంది. ఇప్పుడు "మరణాల డేటాబేస్ కావాలి" అనేది ప్రశ్న కాదు. "మేము పంపే ఈ పెన్షనర్ల నంబర్లలో ఎవరైనా చనిపోయినట్టు మీ దగ్గర నమోదై ఉందా, ఉంటే ఏ తేదీన" అనేది ప్రశ్న. దీనికి జవాబుగా రావాల్సింది మూడే కాలమ్స్, నంబర్, అవును లేదా కాదు, తేదీ. చనిపోయిన కారణం మీకు అక్కర్లేదు, ఏ హాస్పిటల్‌లో అన్నది అక్కర్లేదు, దహనం చేశారా పూడ్చారా అన్నది అస్సలు అక్కర్లేదు. అక్కర్లేని ప్రతి కాలమ్ రేపు లీక్ అయితే మీరు సంజాయిషీ చెప్పుకోవాల్సిన కాలమ్.

ఇలా అడిగితే అవతలివాళ్ళు కూడా తొందరగా ఒప్పుకుంటారు, ఎందుకంటే వాళ్ళ భయం కూడా ఇదే, మా డేటా మొత్తం తీసుకెళ్ళి ఏం చేస్తారో అని.

ఎస్టోనియా ఈ ఆలోచన మీదే దేశం మొత్తానికి సిస్టమ్ కట్టుకుంది, ఎక్స్-రోడ్ అని, 2001 నుంచి నడుస్తోంది. అక్కడ అన్ని శాఖల డేటాని ఒకచోట కుప్ప పోసే పెద్ద డేటాబేస్ ఏదీ లేదు. ఎవరి డేటా వాళ్ళ దగ్గరే ఉంటుంది, ఒక శాఖకి ఏదైనా తెలియాలంటే ఇంకో శాఖ సిస్టమ్‌ని ప్రశ్న అడుగుతుంది, జవాబు ఎన్‌క్రిప్ట్ అయి, డిజిటల్ సంతకంతో వస్తుంది, ఎవరు ఎప్పుడు అడిగారో లాగ్‌లో పడిపోతుంది. ఒకే సమాచారాన్ని సేకరించడానికి రెండో డేటాబేస్ పెట్టకూడదని వాళ్ళ చట్టంలోనే ఉంది. మీకు అంత పెద్ద సిస్టమ్ లేకపోవచ్చు, అయినా అడిగే పద్ధతి మాత్రం ఇవాళే మార్చుకోవచ్చు.

2. చట్టంలో సెక్షన్ వెతకండి, రెండు వైపులా

ఇక్కడ చాలామంది సగం పనే చేస్తారు. మనకి తీసుకునే అధికారం ఉందా అని చూసుకుంటారు, అవతలివాళ్ళకి ఇచ్చే అధికారం ఉందా అని చూడరు. రెండూ వేరు వేరు. మీ చట్టం "అవసరమైన సమాచారం సేకరించవచ్చు" అంటుంది, వాళ్ళ చట్టం "ఈ రిజిస్టర్‌లోని వివరాలు ఫలానా పనికి తప్ప బయటికి ఇవ్వరాదు" అంటుంది, అప్పుడు మీ సెక్షన్ ఎంత గట్టిదైనా పని జరగదు. ఇంకోటి, ఆ డేటా మొదట్లో జనం దగ్గర ఏ పని కోసమని చెప్పి తీసుకున్నారో చూడండి. టీకాల కోసం అని తీసుకున్న ఫోన్ నంబర్‌ని పన్ను వసూలుకి వాడితే చట్టం మాట తర్వాత, రేపు టీకాకి ఎవరూ నంబర్ ఇవ్వరు.

"జనం దగ్గర సమ్మతి తీసుకుంటే సరిపోతుంది కదా" అని ఎవరో ఒకరు మీటింగ్‌లో అంటారు. సాయం కావాలంటే సంతకం పెట్టు అన్నప్పుడు ఆ సంతకం ఇష్టపూర్వకం ఎలా అవుతుంది? యూరప్ డేటా చట్టం జీడీపీఆర్ కూడా ఈ మాట ఒప్పుకుంటుంది, ప్రభుత్వ సంస్థకీ మనిషికీ మధ్య బలంలో అంత తేడా ఉన్నప్పుడు సమ్మతిని ఆధారంగా చూపించడం కష్టం అని. కాబట్టి చట్టంలో ఆధారం వెతకండి, లేకపోతే ఆధారం తెప్పించుకోండి, జనం సంతకాల వెనక దాక్కోవద్దు.

దీనికి ఉల్టా కూడా జరుగుతుంది, "రూల్స్ ఒప్పుకోవండి" అని నోటిమాటగా చెప్పి పంపేస్తారు. అప్పుడు మర్యాదగా "ఏ సెక్షనో లెటర్‌లో రాసి ఇవ్వగలరా సార్" అని అడగండి. చాలాసార్లు అక్కడ సెక్షన్ ఏమీ ఉండదు, అలవాటు ఉంటుంది, అంతే. అలవాటుని చట్టం అనుకుంటే ఎంత నష్టం జరుగుతుందో అమెరికాలో 2001 సెప్టెంబర్ 11 దాడుల మీద వేసిన కమిషన్ 2004 రిపోర్ట్‌లో వివరంగా రాసింది. తర్వాత హైజాకర్లలో ఒకడైన మనిషికి అమెరికా వీసా ఉందని సీఐఏకి 2000 జనవరిలోనే తెలుసు, వాచ్‌లిస్ట్‌లో పేరు ఎక్కింది మాత్రం 2001 ఆగస్ట్ చివర్లో. గూఢచార విభాగానికీ నేర దర్యాప్తు విభాగానికీ మధ్య ఒక గోడ ఉందని అందరూ అనుకునేవాళ్ళు, అసలు రూల్స్ చెప్పినదానికంటే వాళ్ళు పాటించిన గోడ చాలా ఎత్తు. షేర్ చెయ్యకపోవడం సేఫ్ అనుకోవద్దు, దానికీ మూల్యం ఉంటుంది, కాకపోతే ఆ మూల్యం ఎవరి ఫైల్‌లోనూ కనపడదు.

3. ఆ డేటాని రోజూ చూసే మనిషితో మాట్లాడండి

అగ్రిమెంట్ మీద సంతకాలు పెద్ద ఆఫీసర్లవి, కానీ మీరు మాట్లాడాల్సింది ఆ డేటా ఎంట్రీ చేసే, రిపోర్ట్ తీసే మనిషితో. ఆవిడకో ఆయనకో తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఏ కాలమ్ నమ్మొచ్చు, ఏ కాలమ్‌లో ఊరికే ఏదో ఒకటి కొట్టేస్తారు, పుట్టిన తేదీ తెలియనప్పుడు అందరికీ జనవరి 1 వేస్తారా, రికార్డ్ ఎన్ని రోజులకి అప్‌డేట్ అవుతుంది, పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి మారినప్పుడు ఏం పోయింది, ఇవన్నీ అడగండి. ఒక పూట కూర్చుంటే చాలు, నెలల తరబడి పడే తిప్పలు తప్పుతాయి.

ముఖ్యంగా ఒకే మాటకి రెండు ఆఫీసుల్లో రెండు అర్థాలు ఉంటాయి, అది పట్టుకోండి. "కుటుంబం" అంటే ఒకరికి ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు, ఇంకొకరికి భార్యాభర్తలు పిల్లలు మాత్రమే. "ఆదాయం" అంటే ఒకరికి ఏడాది మొత్తం, ఇంకొకరికి నెలకో వారానికో.

ఈ ఆదాయం దగ్గరే ఆస్ట్రేలియా ఘోరంగా దెబ్బతింది, రోబోడెట్ అని పేరు పడింది ఆ స్కీమ్‌కి. అక్కడ సాయం తీసుకునేవాళ్ళు రెండు వారాలకోసారి తమ సంపాదన చెప్పాలి. పన్ను ఆఫీస్ దగ్గరేమో ఏడాది ఆదాయం ఉంటుంది. 2016 నుంచి కంప్యూటర్ ఏం చేసిందంటే, ఏడాది మొత్తాన్ని 26 పక్షాలకి సమానంగా పంచేసి, మనిషి చెప్పినదానితో పోల్చి, తేడా వస్తే బాకీ నోటీస్ కొట్టేది. ఒక మనిషిని తీసుకుని చూడండి. ఏడాదిలో 13 పక్షాలు పని దొరికింది, పక్షానికి 2,000 డాలర్లు, మొత్తం 26,000. మిగతా 13 పక్షాలు పని లేదు, సంపాదన సున్నా అని నిజాయితీగా చెప్పి సాయం తీసుకున్నాడు. కంప్యూటర్ 26,000ని 26తో భాగించి పక్షానికి 1,000 అంది. అంటే పని లేని ప్రతి పక్షంలో కూడా ఇతను 1,000 సంపాదించి దాచాడు అని తేల్చింది! పన్ను ఆఫీస్ పంపిన డేటాలో ఒక్క అంకె తప్పు లేదు, సాయం ఆఫీస్ డేటాలోనూ తప్పు లేదు, రెండింటినీ పక్కపక్కన పెట్టిన పద్ధతే తప్పు. ఈ పద్ధతి చట్టవిరుద్ధమని 2019లో కోర్టులో తేలింది, 4 లక్షల 70 వేల బాకీల కింద వసూలు చేసిన డబ్బు వెనక్కి ఇచ్చేస్తామని ప్రభుత్వం 2020లో ప్రకటించింది, 2023లో రాయల్ కమిషన్ ఈ స్కీమ్‌ని తీవ్రంగా తప్పుబట్టింది. ఈలోపు ఎంతమంది ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిపారో ఏ కమిషన్ లెక్కించగలదు?

కాబట్టి ప్రతి కాలమ్‌కీ ఒక లైన్ రాసి పెట్టుకోండి, దీని అర్థం ఏంటి, ఏ కాలానికి, ఎవరు ఎంటర్ చేస్తారు అని. రెండు వైపులా ఆ కాగితం మీద ఒప్పుకున్నాకే ముందుకు వెళ్ళండి.

4. మ్యాచింగ్ రూల్స్ తేల్చుకోండి

రెండు లిస్టుల్లో ఒకే నంబర్ ఉంటే పని సులువు. లేకపోతే పేరు, పుట్టిన తేదీ, అడ్రస్ మీద పడతారు, అక్కడ మొదలవుతుంది అసలు తంటా. పేరుకి నాలుగు స్పెల్లింగులు, ఒకచోట ఇంటిపేరు ముందు ఇంకోచోట వెనక, పెళ్ళయ్యాక మారిన పేర్లు. తేదీ 03/04 అని ఉంటే మార్చ్ 4 ఏమో ఏప్రిల్ 3 ఏమో, అందుకే తేదీలు ఎప్పుడూ 2024-04-03 లాగా సంవత్సరం, నెల, రోజు వరసలో ఇవ్వమనండి, ఐఎస్ఓ 8601 అని దానికి అంతర్జాతీయ స్టాండర్డ్ ఉంది, ఆ పేరు చెప్తే ఐటీ వాళ్ళు వాదించరు.

రూల్ గట్టిగా పెడితే నిజమైన మ్యాచ్‌లు తప్పిపోతాయి, వదులుగా పెడితే వేరే మనిషి తగులుతాడు. ఏది భరించగలం అన్నది మీరు చేసే పనిని బట్టి ఉంటుంది. సాయం అందని అర్హులని వెతుకుతుంటే కాస్త వదులుగా పెట్టొచ్చు, ఎక్కువమందిని పిలిచి అడుగుతాం అంతే. ఉన్న సాయం ఆపడానికైతే వదులు రూల్ పెట్టడం అన్యాయం. ఏదైనా సరే మొదట చిన్న శాంపిల్ తీసుకుని, వచ్చిన మ్యాచ్‌లని ఇద్దరు మనుషులు విడివిడిగా కళ్ళతో చూసి చెప్పాలి, వాళ్ళిద్దరూ ఒప్పుకోని కేసుల్లోనే మీ రూల్‌లో లోపం ఎక్కడుందో తెలుస్తుంది.

5. అగ్రిమెంట్ రాయండి, గడువుతో సహా

పేజీలు ఎక్కువ అక్కర్లేదు, ఇవి ఉంటే చాలు: ఏ ప్రశ్న కోసం, ఏ సెక్షన్ కింద, ఏ కాలమ్స్, ఎన్నాళ్ళకోసారి, ఏ హోదాలో ఉన్నవాళ్ళు చూడొచ్చు, మూడో ఆఫీసుకి ఇవ్వొచ్చా లేదా, తప్పు దొరికితే ఎవరికి చెప్పాలి, లీక్ అయితే ఎన్ని గంటల్లో చెప్పాలి, ఎప్పుడు డిలీట్ చెయ్యాలి, అగ్రిమెంట్ ఎప్పుడు ముగుస్తుంది. "అవసరమైన ఇతర ప్రయోజనాలకు" అన్న ముక్క ఎవరైనా కలిపితే కొట్టేయించండి, ఆ ఒక్క ముక్కతో మిగతా పేజీలన్నీ దండగైపోతాయి.

నాకు బాగా నచ్చిన నమూనా అమెరికా 1988లో చేసిన కంప్యూటర్ మ్యాచింగ్ చట్టం. పాతదే, కానీ ఇప్పటికీ ఎంతో తెలివైన చట్టం. ఫెడరల్ సంస్థలు ఇలా రికార్డులు మ్యాచ్ చేసుకోవాలంటే రాతపూర్వక అగ్రిమెంట్ ఉండాలి, అది 18 నెలలకి మించి ఉండదు, తర్వాత ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు. మ్యాచ్ తగిలింది కదా అని నేరుగా సాయం ఆపకూడదు, ముందు విడిగా నిర్ధారించుకోవాలి, మనిషికి నోటీస్ ఇచ్చి, మామూలుగా 30 రోజులు జవాబు చెప్పుకునే టైమ్ ఇవ్వాలి. మీ దగ్గర ఇలాంటి చట్టం ఉన్నా లేకపోయినా ఇవే షరతులు మీ అగ్రిమెంట్‌లో రాసుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

6. పంపే దారి

వాట్సాప్ వద్దు, సొంత మెయిల్ వద్దు, పెన్‌డ్రైవ్ వద్దు. వీలైతే ఏపీఐ, అంటే రెండు ఆఫీసుల సిస్టమ్‌లు నేరుగా మాట్లాడుకునే దారి, ఒక్కో నంబర్‌కి ప్రశ్న, ఒక్కో జవాబు. కుదరకపోతే ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైల్ సురక్షిత సర్వర్ మీద పెట్టి, పాస్‌వర్డ్ వేరే దారిలో చెప్పాలి, అదే మెయిల్‌లో కింద రాస్తే తాళం వేసి తాళంచెవి గుమ్మానికే తగిలించినట్టు.

ఎక్సెల్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2020లో ఇంగ్లండ్‌లో కోవిడ్ టెస్ట్ రిజల్ట్స్ ల్యాబ్‌ల నుంచి ప్రజారోగ్య సంస్థకి సీఎస్‌వీ ఫైల్స్‌గా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్స్) వచ్చేవి, అక్కడ వాటిని పాత రకం ఎక్సెల్ ఫైల్‌లోకి ఎక్కించేవాళ్ళు. ఆ ఫార్మాట్‌లో 65,536 వరసలకి మించి పట్టవు, మిగిలినవి చెప్పాపెట్టకుండా తెగిపోయాయి. సెప్టెంబర్ చివర్లో అలా 15,841 పాజిటివ్ కేసులు లెక్కలోకి రాలేదు, వాళ్ళని కలిసినవాళ్ళని వెతికే టీమ్‌కి టైమ్‌కి అందలేదు. ఇంకా ఎక్సెల్ నంబర్ ముందు సున్నాలు మింగేస్తుంది, 15 అంకెలు దాటిన నంబర్ చివర్లో సున్నాలు వేసేస్తుంది. ఐడీ నంబర్లు ఉన్న కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టకపోతే ఎవరి నంబరో ఎవరికో అయిపోతుంది.

దీనికి మందు చాలా చిన్నది. పంపేవాళ్ళు ఫైల్‌తో పాటు ఎన్ని వరసలు, ఏదో ఒక అంకెల కాలమ్ మొత్తం ఎంత, ఈ రెండూ విడిగా రాసి పంపాలి, అందుకున్నవాళ్ళు లోడ్ చేశాక అవే లెక్కలు తీసి సరిపోయాయని తిరిగి రాయాలి. సరిపోకపోతే ఆ రోజు ఆ ఫైల్ వాడకూడదు.

7. మ్యాచ్ వచ్చాక: ముందు మనిషికి చెప్పండి

ఇప్పటిదాకా చెప్పిందంతా ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. స్క్రీన్ మీద "మ్యాచ్ అయింది" అని వస్తే అది ఒక అనుమానం మాత్రమే, తీర్పు కాదు. పైన చెప్పిన పెన్షన్ ఉదాహరణే తీసుకుంటే, లిస్టులో చనిపోయాడని వచ్చిన ముసలాయన బతికే ఉండొచ్చు, ఒక్క అంకె తప్పు పడితే చాలు. పెన్షన్ ఆపేసి తర్వాత విచారిస్తాం అంటే ఆయన తను బతికున్నానని ఆఫీసుల చుట్టూ తిరిగి నిరూపించుకోవాలి, ఈలోపు మందులు ఎలా కొనుక్కోవాలి? అందుకే ఒక మనిషి ఇంటికెళ్ళో ఫోన్ చేసో కనుక్కున్నాకే ఆపాలి. నోటీస్‌లో మామూలు భాషలో రాయండి: మీ గురించి ఫలానా ఆఫీస్ రికార్డ్‌లో ఇలా ఉంది, తప్పైతే ఈ తేదీలోపు ఇక్కడ చెప్పండి, అప్పటిదాకా మీ డబ్బు ఆగదు. "అందిన సమాచారం మేరకు" అని మొదలుపెట్టి ఎక్కడ్నుంచి అందిందో చెప్పకపోతే పాపం ఆ మనిషి దేన్ని ఖండించాలో కూడా తెలియదు.

తప్పు దొరికితే మీ దగ్గర దిద్దుకుని ఊరుకోవద్దు. ఇచ్చిన ఆఫీసుకి చెప్పాలి, మీ నుంచి తీసుకున్నవాళ్ళుంటే వాళ్ళకీ చెప్పాలి, అందుకే ఎవరెవరికి ఇచ్చామో రిజిస్టర్ ఉండాలి. నెదర్లాండ్స్ పన్నుల శాఖ మోసం చేశారన్న అనుమానంతో ఏళ్ళ తరబడి ఒక లిస్ట్ నడిపింది, అందులో తమ పేరుందని చాలామందికి తెలియనే తెలియదు, తప్పుడు వివరాలూ ఉన్నాయి, ఆ లిస్ట్ మూలంగా అమాయకుల మీద మోసగాళ్ళన్న ముద్ర పడింది. అక్కడి డేటా అథారిటీ 2022లో ఆ శాఖకి 37 లక్షల యూరోల జరిమానా వేసింది. సొంత ప్రభుత్వ శాఖకే!

8. లాగ్స్ చూడండి, టైమ్‌కి డిలీట్ చెయ్యండి

లాగ్ ఉంటే సరిపోదు, ఎవరో ఒకరు చూడాలి. నెలకోసారి కొన్ని ఎంట్రీలు తీసి "ఈ మనిషి రికార్డ్ ఎందుకు చూశారు, ఏ ఫైల్ కోసం" అని అడిగితే చాలు, అడుగుతారని తెలిస్తేనే పక్కింటివాళ్ళ వివరాలు చూసే అలవాటు ఆగిపోతుంది.

గడువు దగ్గరపడ్డప్పుడు పొడిగింపు లెటర్ టైప్ చేసేముందు లెక్క తీయండి, ఎన్ని ప్రశ్నలు అడిగాం, ఎన్ని మ్యాచ్‌లు నిజమని తేలాయి, ఎన్ని తప్పు, ఎంతమంది అభ్యంతరం చెప్పారు, అందులో ఎంతమంది మాట నెగ్గింది. తప్పులే ఎక్కువుంటే పొడిగించొద్దు, పైన చెప్పిన 3, 4 మెట్లకి వెనక్కి వెళ్ళి దిద్దుకోండి. ముగించేటప్పుడు డిలీట్ అంటే మెయిన్ సర్వర్‌లో ఒక్కటే కాదు, టెస్టింగ్ కోసం ఐటీ వాళ్ళు తీసుకున్న కాపీ, ఎవరో ప్రెజెంటేషన్ కోసం డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఎక్సెల్, కాంట్రాక్టర్ లాప్‌టాప్, బ్యాకప్‌లు, అన్నీ లిస్ట్ రాసి ఒక్కోదాని పక్కన తేదీ, చేసినవాళ్ళ సంతకం పెట్టించండి. బ్యాకప్ వెంటనే చెరపడం కుదరకపోతే అది ఏ తేదీకి దానంతటదే ఓవర్‌రైట్ అవుతుందో రాయండి, ఆ కాగితం కాపీ డేటా ఇచ్చిన ఆఫీసుకి పంపి రసీదు తీసుకుని ఫైల్‌లో పెట్టండి.